మీట నొక్కితే మూసుకునే డిక్కీ

కొత్త రకం కార్లు కొన్నింటిలో డిక్కీ మూత దానంతట అదే పైకి లేవడం మీరు చూసే ఉంటారు. యజమాని పదడుగుల దూరంలో ఉండగానే జేబులోంచి రిమోటు తీసి మీట నొక్కుతాడు. కారు దీపాలు ఒకసారి మిణుక్కుమంటాయి, టక్కుమని చప్పుడవుతుంది, మూత మెల్లగా లేస్తుంది. సామాను సర్దుకున్నాక మాత్రం ఆయన మూత అంచున ఉన్న వేరే మీటను వెతుక్కుని నొక్కాలి. చేతిలోని రిమోటును ఎన్నిసార్లు నొక్కినా మూత దిగదు. అన్ని కార్లూ ఇంతేనని కాదు. రిమోటుతో తెరవడం, మూయడం రెండూ వచ్చే కార్లు కూడా ఉన్నాయి. రెండోది లేని కార్ల గురించే ఇప్పుడు మనం మాట్లాడుకునేది.

మౌలాలిలో మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఇదే పట్టుకున్నాడు. "సార్, తెరిచే మోటారే గదా మూసేది కూడా. రిమోటూ ఉంది. మరి రెండూ కలపడానికేం? మా బాబాయి వైర్లు మార్పించి రిమోటుతోనే మూసుకునేటట్టు చేయిస్తానంటున్నాడు. చేయొచ్చా?" అని అడిగాడు.

చేయవచ్చు. అందుకు కావలసింది చిన్న రిలే ఒకటి, నాలుగు మూరల తీగ. అయితే ఆ తీగను ఎక్కడ కలుపుతాం అన్నదాంట్లోనే అసలు సంగతంతా ఉంది. అది తెలియాలంటే మూత లోపల ఏం జరుగుతున్నదో ముందు చూడాలి.

పాత అంబాసిడర్ కారు డిక్కీకి తాళంచెవి తిప్పి, మూతను చేత్తో ఎత్తేవాళ్ళం. తరువాతి కార్లలో మూతకు పక్కన సన్నని గొట్టాలు వచ్చాయి. వాటిలో నత్రజని వాయువును బాగా నొక్కి నింపుతారు. గడియ విడిపోగానే ఆ వాయువు మూతను పైకి నెడుతుంది. అంటే తెరవడానికి గడియ విడిపిస్తే చాలు. మూయడానికి మాత్రం మనిషి బలం కావాలి. మోటారు డిక్కీలో ఆ గొట్టం స్థానంలోనే మరో గొట్టం ఉంటుంది. అందులో బలమైన స్ప్రింగు, చిన్న విద్యుత్ మోటారు, పళ్ళచక్రాలు, పొడవాటి మరకడ్డీ ఉంటాయి. మోటారు తిరిగితే మర తిరుగుతుంది, మర తిరిగితే గొట్టం పొడవు పెరుగుతుంది, మూత లేస్తుంది. మోటారు ఎదురు దిశలో తిరిగితే గొట్టం పొట్టిదవుతుంది, మూత దిగుతుంది. చివరి కొద్దిపాటి దూరాన్ని గడియలో ఉండే ఇంకో చిన్న మోటారు బిగించి లాగుతుంది.

మరి మోటారును ఎదురు దిశలో తిప్పడం ఎలా? ఫ్లెమింగు ఎడమచేతి నియమం చదివినవారికి జవాబు తెలుసు. అయస్కాంత క్షేత్రం మారకుండా విద్యుత్ ప్రవాహదిశ మారిస్తే, తీగ మీద పనిచేసే బలం దిశ కూడా మారుతుంది. బొమ్మకారులోని మోటారు తీసి, బ్యాటరీ తీగలు రెండింటినీ అటుదిటు చేస్తే అది వెనక్కు తిరుగుతుంది. కారులో ఎవరో కూర్చుని తీగలు మార్చలేరు గనుక ఆ పని రిలేలకు అప్పగించవచ్చు.

రిలే అంటే మన వేలికి బదులు విద్యుదయస్కాంతం నొక్కే స్విచ్చి. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835లోనే ఇలాంటి ఏర్పాటు చేసి చూపించాడు. అలసిన పరుగుకాడి చేతిలోని కర్రను తరువాతివాడు అందుకోవడం రిలే పరుగులో చూస్తాం. ఇక్కడ కూడా అంతే. బలహీనమైన ప్రవాహం తీగచుట్టలోకి వచ్చి నాలుక లాంటి ఇనుపరేకును లాగుతుంది. ఆ నాలుక బలమైన ప్రవాహానికి దారి ఇస్తుంది. చుట్టలో ప్రవాహం లేనప్పుడు స్ప్రింగు నాలుకను ఒక కాంటాక్టుకు ఆనించి ఉంచుతుంది. ప్రవాహం వస్తే నాలుక రెండో కాంటాక్టుకు మారుతుంది.

ఇలాంటి రిలేలు రెండు తీసుకోండి. ఒకదాన్ని 'తెరిచే రిలే' అందాం, రెండోదాన్ని 'మూసే రిలే' అందాం. మోటారు ఒక కొనను మొదటి రిలే నాలుకకు, రెండో కొనను రెండో రిలే నాలుకకు కలపండి. చుట్టలో ప్రవాహం లేనప్పుడు నాలుక ఆనే కాంటాక్టులను బ్యాటరీ ఋణధ్రువానికి, ప్రవాహం ఉన్నప్పుడు ఆనే కాంటాక్టులను ధనధ్రువానికి ఇవ్వండి. తెరిచే రిలే ఒక్కటే పనిచేస్తే మోటారు ఒకవైపు తిరుగుతుంది, మూసే రిలే ఒక్కటే పనిచేస్తే రెండోవైపు తిరుగుతుంది. పొరపాటున రెండూ ఒకేసారి పనిచేశాయనుకోండి. మోటారు రెండు కొనలూ ధనధ్రువానికే చేరతాయి. తేడా లేదు గనుక మోటారు తిరగదు, షార్ట్ సర్క్యూటూ కాదు. రెండూ పని మానితే రెండు కొనలూ ఋణధ్రువం దగ్గర కలుస్తాయి. అప్పటికింకా తిరుగుతున్న మోటారు జనరేటరులా మారి, తన ప్రవాహంతో తానే బ్రేకు వేసుకుంటుంది. ఈ ఏర్పాటును మొదట ఎవరు కనిపెట్టారో గాని, నాకు చాలా ముచ్చటగా తోస్తుంది.

ఇక రిమోటు సంగతి. డిక్కీకి దాని మీద ఉన్నది ఒకే మీట. ఆ ఒక్క మీటతో ఒకసారి తెరవాలి, ఇంకోసారి మూయాలి. అంటే మూత ఇప్పుడు ఎక్కడున్నదో వలయానికి తెలియాలి.

"ఓస్, ఇంతేగదా! మూత కూర్చునే చోట ఒక స్విచ్చి పెడితే సరి" అనిపిస్తుంది. మూత స్విచ్చి మీద కూర్చుని ఉంటే మీటనుంచి వచ్చే ప్రవాహం తెరిచే రిలేకు పోవాలి, మూత స్విచ్చి మీద లేకపోతే మూసే రిలేకు పోవాలి. అట్టపెట్టె, పళ్ళచక్రాలున్న చిన్న మోటారు, నాలుగు టార్చి సెల్లులతో ఇది చేసి చూడండి. కారు మీద కాదు సుమా, అట్టపెట్టె మీద! మీట నొక్కగానే మూత చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెడుతుంది. ఎందుకంటారా? మూత వెంట్రుకవాసి లేవగానే స్విచ్చి మారిపోతుంది. మీట ఇంకా నొక్కే ఉంది గనుక ప్రవాహం మూసే రిలేకు పోతుంది. మూత దిగుతుంది, స్విచ్చి మళ్ళీ మారుతుంది, మూత లేస్తుంది. ఇలా వణుకుతూనే ఉంటుంది. స్విచ్చికి మూత ఇప్పుడెక్కడుందో మాత్రమే తెలుసు. ఏ పని మొదలుపెట్టామో గుర్తులేదు.

రిలేకు ఆ జ్ఞాపకం ఇవ్వవచ్చు. ఒకే చుట్టతో మూడు నాలుగు నాలుకలు కదిలే రిలేలు కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల అడిగితే దొరుకుతాయి. తెరిచే రిలే మొదటి నాలుక మోటారును నడుపుతుంది. రెండో నాలుక ద్వారా దాని చుట్టకే ప్రవాహం ఇవ్వండి. అప్పుడు మీట వదిలినా రిలే తనను తాను పట్టుకుని ఉంటుంది. ఆ ప్రవాహాన్ని మూత పైకొసన ఉంచిన స్విచ్చి గుండా పంపితే, మూత పైకి చేరి దాన్ని నొక్కగానే పట్టు వదిలిపోతుంది. మూసే రిలేకు కూడా ఇదే ఏర్పాటు, దాని స్విచ్చి కింద ఉంటుంది. ఇక మూడో నాలుక. మూసే రిలే చుట్టకు వెళ్ళే దారిని తెరిచే రిలే మూడో నాలుక గుండా మళ్ళించండి. తెరిచే రిలే పనిచేస్తున్నంతసేపూ ఆ దారి తెగి ఉండాలి. తెరిచే రిలేకు కూడా రెండోదాని గుండా ఇలాగే దారి ఇవ్వండి. అప్పుడు ఒకటి పనిచేస్తుండగా రెండోది ఎంత పిలిచినా పలకదు. వణుకు పోతుంది. మీటను ఒకసారి నొక్కి వదలండి, మూత చివరిదాకా లేస్తుంది. మళ్ళీ నొక్కి వదలండి, చివరిదాకా దిగుతుంది. మీట వదలకుండా పట్టుకుంటే మాత్రం పైకి చేరిన మూత వెంటనే కిందికి బయలుదేరుతుంది. ఎందుకో వలయం గీసి చూసుకోండి.

ఒకటి పనిచేస్తుండగా దానికి విరుద్ధమైనది పనిచేయకుండా దారి తెంచే ఈ పద్ధతికి ఇంటర్‌లాకింగ్ అని పేరు. కార్లకంటె చాలా ముందు దీన్ని పండించుకున్నది రైల్వేలు. మౌలాలి స్టేషను ప్లాట్‌ఫారం కొసకు వెళ్ళి చూడండి. పట్టాలు ఒకదానినుంచి ఒకటి చీలే చోట కదిలే పట్టాలుంటాయి. వాటి పక్కన నేల మీద బూడిదరంగు ఇనుపపెట్టె ఉంటుంది. అందులో ఉన్నది మన డిక్కీ మోటారుకు పెదనాన్న లాంటిది. కాజీపేట వైపు పోయే బండికి ఒక దారి, సనత్‌నగర్ వైపు పోయే బండికి ఇంకో దారి ఇవ్వాలంటే, ఎక్కడో గదిలో మీట నొక్కగానే ఈ మోటారు ఒకవైపో రెండోవైపో తిరిగి పట్టాను జరపాలి. చేయవలసిన పని రెండింటికీ ఒకటే: దూరంనుంచి ఆజ్ఞ, ఇక్కడ కదలిక. ఈ విద్య నేర్పడానికి 1957లోనే సికింద్రాబాదు తార్నాకలో ఇరిసెట్ అనే సంస్థ వెలసింది. దేశం నలుమూలలనుంచీ రైల్వే సిగ్నలు ఇంజనీర్లు అక్కడికి శిక్షణకు వస్తారు.

ఆ ఇనుపపెట్టె గురించి ఒక్క సంగతి చెబుతాను. పట్టా జరిగే సందులో కంకరరాయి ఇరుక్కుంటే ఏమవ్వాలి? మోటారు కాలిపోకూడదు, రాయిని పట్టించుకోకుండా 'దారి సరిగా ఉంది' అని కబురూ పంపకూడదు. అందుకే మోటారుకూ పట్టాకూ మధ్య రాపిడితో పట్టుకునే క్లచ్ ఉంటుంది. అడ్డు తగిలితే అది జారిపోతుంది. దీన్ని పరీక్షించడానికి సిబ్బంది కదిలే పట్టాకూ కదలని పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుపముక్క పెట్టి మోటారును నడుపుతారు. అప్పుడు క్లచ్ జారాలి, గడియ పడకూడదు, 'సరిగా ఉంది' అన్న కబురు వెళ్ళకూడదు. మూడూ జరిగితేనే ఆ పెట్టె మంచిది. మందం 5 మిల్లీమీటర్లు, అంటే సుమారుగా మీ చిటికెనవేలిలో సగం.

వేలి మాట వచ్చింది గనుక మళ్ళీ డిక్కీ దగ్గరికి వద్దాం. దిగుతున్న మూత కింద ఒక చెయ్యి ఉందనుకోండి. మూతకు కళ్ళు లేవు. మరి దానికెలా తెలుస్తుంది?

మోటారే చెబుతుంది. తిరుగుతున్న మోటారులో జనరేటరు కూడా దాగి ఉంటుంది. అయస్కాంత క్షేత్రంలో తిరిగే తీగచుట్టలో, బ్యాటరీకి ఎదురుగా పనిచేసే విద్యుచ్చాలక బలం పుడుతుంది. లెక్కకోసం మోటారు చుట్ట నిరోధం 2 ఓములు, బ్యాటరీ 12 వోల్టులు అనుకుందాం. మామూలుగా తిరిగేటప్పుడు ఎదురు బలం 8 వోల్టులుంటే మిగిలేది 4 వోల్టులు, కాబట్టి ప్రవాహం 2 ఆంపియర్లు. ఎవరో మోటారును పట్టుకుని ఆపేశారనుకోండి. తిరగడం లేదు గనుక ఎదురు బలం సున్న. ఇప్పుడు 12 వోల్టులూ ఆ 2 ఓముల మీదే పడతాయి, ప్రవాహం 6 ఆంపియర్లకు ఎగబాకుతుంది. అడ్డు తగిలిన మోటారు ఎక్కువ కరెంటు తాగుతుందన్నమాట. బొమ్మమోటారుకు వరసలో చిన్న టార్చి బల్బు కలిపి చూడండి. మోటారు తిరిగేటప్పుడు బల్బు మందంగా వెలుగుతుంది. ఇరుసును రెండు వేళ్ళతో పట్టి ఆపండి, బల్బు ప్రకాశవంతమవుతుంది. ఎప్పుడు చూపించినా తరగతి మొత్తం బల్ల చుట్టూ మూగే ప్రయోగాల్లో ఇదొకటి.

కారులోని నియంత్రణ పెట్టె ఈ ప్రవాహాన్ని కొలుస్తూ ఉంటుంది. దానికి రెండో సాక్షి కూడా ఉంది. మోటారు ఇరుసుకు చిన్న అయస్కాంతపు కట్టు బిగించి, పక్కన హాల్ సెన్సరు పెడతారు. అయస్కాంత క్షేత్రంలో ప్రవాహం ఉన్న రేకుకు అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. దాని ఆధారంగా ఈ సెన్సరు ఇరుసు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క చెబుతుంది. చుట్లను లెక్కపెడితే మూత ఎంతవరకు దిగిందో తెలుస్తుంది. చుట్టుకు చుట్టుకు మధ్య కాలం హఠాత్తుగా పెరిగితే ఏదో అడ్డు తగిలిందని తెలుస్తుంది. అప్పుడు పెట్టె మోటారును ఆపి వెనక్కు తిప్పుతుంది. కొన్ని కార్లలో మూత అంచుల్లో నొక్కితే తెలిసే రబ్బరు పట్టీలు కూడా ఉంటాయి.

ఎంత బలం తగిలేలోపు వెనక్కు తిరగాలి? మీటతో వాటంతట అవే మూసుకునే కారు కిటికీ అద్దాలకు అమెరికా నిబంధనల్లో ఒక అంకె ఉంది. మధ్యలో పెట్టిన పరీక్ష కడ్డీ మీద 100 న్యూటన్ల బలం పడకముందే అద్దం వెనక్కు తిరగాలి. అంటే సుమారు పది కిలోల బరువు. కిటికీకంటె డిక్కీకి ఇంకో చిక్కు ఉంది. అది కీలు మీద తిరిగే మీటదండం లాంటిది. కీలుకు ఒక మీటరు దూరాన, అంచు దగ్గర, 100 న్యూటన్లతో నొక్కే మూత, కీలుకు పది సెంటీమీటర్ల దూరంలో 1000 న్యూటన్లతో నొక్కుతుంది. భ్రామకాల సూత్రం మీకు తెలిసిందే. తలుపు కీళ్ళవైపు వేలు పెట్టి దెబ్బ తిన్నవారికి ఇంకా బాగా తెలుసు.

ఇప్పుడు బాబాయిగారి ప్రశ్నకు వద్దాం. వైర్లు మార్చేవారు రెండు రకాలుగా చేయగలరు.

మొదటిది మోటారుకు నేరుగా కలపడం. బ్యాటరీనుంచి కొత్త తీగ, కొత్త రిలేలు, రిమోటు నొక్కితే మోటారుకు కరెంటు. మన అట్టపెట్టెలాగే అన్నమాట. మూత చక్కగా మూసుకుంటుంది. కాని నియంత్రణ పెట్టెకు ఈ సంగతేమీ తెలియదు. ప్రవాహం పెరిగినా చుట్లు నెమ్మదించినా మోటారును ఆపే అధికారం దానికి లేదు. చెయ్యి అడ్డం ఉంటే చేతిమీదే మూసుకుంటుంది. ఇలా చేస్తానన్నవాడి దగ్గరికి కారు తీసుకుపోవద్దని బాబాయికి చెప్పమన్నాను.

రెండోది మూత అంచున ఉన్న 'మూయు' మీటకు సమాంతరంగా చిన్న రిలే కలపడం. నేటి కార్లలో ఆ మీటగుండా మోటారు కరెంటు పోదు. 'నన్ను నొక్కారు' అన్న కబురు మాత్రమే నియంత్రణ పెట్టెకు పోతుంది. కొత్త రిలే కాంటాక్టులు అరక్షణం కలిసి విడిపోతే, ఎవరో మీట నొక్కారనే పెట్టె అనుకుంటుంది. తక్కిన పనంతా దాని పద్ధతిలో అదే చేసుకుంటుంది. అడ్డు తగిలితే ఆగుతుంది, వెనక్కు తిరుగుతుంది. రెండు పద్ధతుల్లో తీగ పొడవులో పెద్ద తేడా లేదు. తేడా అంతా కొత్త తీగ పెట్టెకు ముందు చేరిందా, తరువాత చేరిందా అన్నదాంట్లోనే ఉంది. కొన్ని కార్లలోనైతే తీగే అక్కరలేదు. రిమోటుతో మూసే ఏర్పాటు పెట్టె ప్రోగ్రాములోనే ఉండి, వాడకుండా ఆపి ఉంటుంది. సర్వీసు కేంద్రంవారు దాన్ని తెరవగలిగితే అంతకంటె మంచిది లేదు.

రెండో పద్ధతిలో కొత్త రిలేకు ఆజ్ఞ ఎక్కడినుంచి వస్తుంది? రిమోటు నొక్కినప్పుడు గడియకు వెళ్ళే క్షణకాలపు ప్రవాహంనుంచి తీసుకుంటారు. అప్పటికే మూత తెరిచి ఉంటేనే రిలే పనిచేయాలి. అది తెలుసుకోవడానికి డిక్కీ దీపం తీగ ఉపయోగపడుతుంది. దీపం వెలుగుతున్నదంటే మూత తెరిచి ఉన్నదని అర్థం. ఇక్కడ కూడా అట్టపెట్టె వణుకు పొంచి ఉంది, గమనించారా? మూయడానికి కాక తెరవడానికే నొక్కామనుకోండి. గడియ విడిపోగానే దీపం వెలుగుతుంది. గడియకు వచ్చిన ప్రవాహం ఇంకా ఆగకపోతే, అప్పుడే తెరుచుకుంటున్న మూతకు మూసుకోమని ఆజ్ఞ పోతుంది. అందుకే దీపం వెలిగి కొన్ని సెకన్లు గడిచేదాకా రిలే చెవులు మూసుకుని ఉండేటట్టు చేయాలి.

ఇంత జాగ్రత్తగా చేసినా ఒక కాపలా పోతుంది. 'మూయు' మీటను మూత అంచునే ఎందుకు పెట్టారు? దాన్ని నొక్కాలంటే మనిషి డిక్కీ ఎదుటే నిలబడాలి. నిలబడితే లోపల ఏముందో, ఎవరున్నారో కళ్ళబడుతుంది. మీట ఉన్న చోటే ఒక భద్రతా ఏర్పాటు! దాన్ని జేబులోకి తెస్తే ఆ కళ్ళు పోయాయి. దాగుడుమూతలాడే చిన్నపిల్లలకు తెరిచిన డిక్కీ కంటె మంచి చోటు కనబడదు. అడ్డు తగిలితేనే మూత ఆగుతుంది. లోపల ముడుచుకుని కూర్చున్న పిల్లవాడు దానికి అడ్డు కాడు. అమెరికాలో పిల్లలు ఇలా లోపల చిక్కుకుని చనిపోయాక, 2001 సెప్టెంబరునుంచి తయారయ్యే కార్ల డిక్కీల్లో లోపలినుంచి తెరుచుకునే పిడి ఉండాలని నియమం పెట్టారు. చీకట్లో మెరిసే ఆ పిడి మీ ఇంటి కారులో ఉందో లేదో పెద్దవాళ్ళు పక్కన ఉండగా చూడండి. లేకపోతే రిమోటుతో మూసే ఆలోచన మానుకోమని చెప్పండి. బాబాయికి నేను చెప్పమన్న రెండో మాట ఇదే.

తీగల పనిలో చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. కొత్త తీగకు దాని ఫ్యూజు దానికే ఉండాలి, అదీ కరెంటు తీసుకునే చోటికి దగ్గరగా. మూతలోకి వెళ్ళే తీగలు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి పోతాయి. మూత తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఒకే చోట ఇనుపతీగను అటూ ఇటూ వంచి తెంపడం మీరెరిగినదే. అందుచేత అక్కడ సన్నని పోగులు చాలా ఉన్న మెత్తని తీగే వాడాలి, అతుకు మాత్రం వేయకూడదు. పనయ్యాక మూత కింద వేలు పెట్టి చూడకండి. ఒక బీరకాయ పెట్టి చూడండి. అంచు దగ్గర ఒకసారి, పక్కన ఒకసారి, కీలు దగ్గర ఒకసారి. బీరకాయ చితికితే ఆ పని పూర్తికానట్టే.

అన్నిటికంటె నేను పట్టుబట్టేది కాగితం మీద. ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నదో వలయచిత్రం గీసి కారులోనే ఉంచాలి. ప్రతి తీగ కొసనా పేరు రాసిన చీటీ కట్టాలి. రెండేళ్ళ తరువాత ఇంకో మెకానిక్కు ఆ మూత విప్పుతాడు. ఈ కొత్త తీగ సంగతి అతనికెలా తెలుస్తుంది? ఇది చాదస్తమని మా తరగతిలో కొందరు నవ్వారు. వాళ్ళకు బహనగా బజార్ గురించి చెప్పాను.

2023 జూన్ 2 సాయంత్రం షాలిమార్‌నుంచి చెన్నై వెళుతున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషనుకు వచ్చింది. విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడల మీదుగా పోయే బండి గనుక మనవాళ్ళు చాలామంది ఎక్కేదే. ప్రధాన మార్గంలో ఆగకుండా సాగిపొమ్మని సిగ్నలు ఆకుపచ్చగా ఉంది. కాని పట్టా మాత్రం పక్కనున్న లూపు లైనుకు తిరిగి ఉంది. ఆ లైనులో ఇనుపఖనిజం గూడ్సు నిలిచి ఉంది. బండి వేగంగా వెళ్ళి దాన్ని గుద్దుకుంది. పట్టాలు తప్పిన పెట్టెలు ఎదురుగా వస్తున్న యశ్వంత్‌పూర్ – హౌరా బండికి తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు.

విచారణలో తేలిందేమిటి? పట్టా ఏ వైపు ఉన్నదో చెప్పే వలయంలో, గతంలో స్టేషను ఉత్తరపు కొసన ఉన్న సిగ్నలు గదిలో తీగలు మార్చినప్పుడు లోపాలు జరిగాయి. ఆ తరువాత 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటుకు విద్యుత్తుతో లేచి దిగే అడ్డుకర్రను మార్చే పనిలోనూ లోపాలు జరిగాయి. తీగల కొసల్లో రాసిన పేర్లు కూడా సరిగా లేవు. లేచి దిగే ఒక కర్ర కోసం చేసిన మార్పు అది! లోపం మోటారుది కాదు. పట్టా పక్కదారికి తిరిగి ఉండగా 'నేరుగా ఉంది' అన్న కబురు సిగ్నలుకు అందింది. ఇంటర్‌లాకింగ్ తనకందిన కబురును నమ్మి ఆకుపచ్చ దీపం వెలిగించింది.

సిగ్నలు రిలేలు కూడా సామాన్యమైనవి కావు. మన అట్టపెట్టె రిలేలో పెద్ద ప్రవాహం పోతే కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అప్పుడు చుట్టలో కరెంటు ఆగినా నాలుక వెనక్కు రాదు. రైల్వేవారు ముఖ్యమైన చోట్ల వెండి కాంటాక్టుకు ఎదురుగా బొగ్గుతో చేసిన కాంటాక్టు పెడతారు, ఎందుకంటే బొగ్గు కరిగి అతుక్కోదు. పాతకాలపు పెద్ద రిలేల్లో స్ప్రింగు విరిగిపోతుందేమోనన్న భయం కూడా లేకుండా, కరెంటు పోతే ఇనుపరేకు తన బరువుకు తానే కిందపడేటట్టు చేశారు. అది పడితే దీపం ఎర్రబడుతుంది. ఇంత ముందుచూపుతో చేసిన రిలే అయినా, దానికి చేరే తీగ వేరే చోటినుంచి వస్తున్నదని కనిపెట్టలేదు. ఆ పని చేయవలసినది వలయచిత్రం, చీటీలు, మార్పు చేశాక ఒక్కొక్కటే మళ్ళీ పరీక్షించే మనిషి.

ఇక మీ అట్టపెట్టె దగ్గరికి. పైన చెప్పినట్టు రెండు రిలేలూ కలిపాక ఒక పని చేయండి. మూత సగం లేచినప్పుడు బ్యాటరీ తీగను ఒక్క క్షణం పీకి మళ్ళీ పెట్టండి, ఇళ్ళలో కరెంటు పోయి వచ్చినట్టు. తెరిచే రిలే పట్టు వదిలేస్తుంది, మూత మధ్యలో ఆగిపోతుంది. ఇప్పుడు మీట నొక్కండి. మూత కింది స్విచ్చి మీద లేదు గనుక ప్రవాహం మూసే రిలేకే పోతుంది, తెరవాలనుకున్న మూత దిగడం మొదలుపెడుతుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత మీట మొదటిసారి నొక్కితే మూత ఎక్కడున్నా సరే పైకే వెళ్ళాలి, రెండోసారి నొక్కినప్పుడే దిగాలి. దీనికి మూడో రిలే ఒకటి చాలు. దాన్ని ఎక్కడ కలుపుతారో గీసి చూడండి.